జీవమ్మ ట్రాక్టరు, దాని పొగ డబ్బా

ఆ వారంలో జీవమ్మకు సలహా ఇవ్వని మనిషి ఊర్లో మిగల్లేదు. కొళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడితే గిడ్డమ్మ చెప్పింది. రేషను బియ్యం సంచి నెత్తికెత్తుకుంటుంటే డీలరు చెప్పాడు. బొజ్జన్న అయితే ఆమెను దారిలో ఆపి మరీ చెప్పాడు. సైకిలు చైను ఊడితే ఇంకొకరిని పిలిచి వేయించుకునే మనిషి బొజ్జన్న. ట్రాక్టరు గురించి ఆయన కూడా గొంతు సవరించుకుని మాట్లాడేసరికి జీవమ్మకు ఒళ్లు మండిపోయింది. అందరిదీ ఒకటే మాట. ఆ డబ్బా కోసి పారేయించు, బండి గుర్రంలా పరిగెత్తుతుంది.

డబ్బా అంటే పొగ గొట్టం మొదట్లో, ఇంజను పక్కన బిగించి ఉన్న ఇనుప డబ్బా. యాభై హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు ఇప్పుడది పెట్టే అమ్ముతున్నారు. ఇంజను వదిలే మసి బయటికి రాకుండా అందులో ఆగిపోతుంది. బండి గట్టిగా బరువు లాగి బాగా వేడెక్కినప్పుడు, ఆగిన మసి ఆ వేడికి లోపలే కాలిపోతుంది. కాలకుండా పేరుకుంటే ముందు పసుపు దీపం వెలుగుతుంది. దాన్ని పట్టించుకోకపోతే ఎర్ర దీపం. ఎర్ర దీపం వచ్చిందంటే బండి తన బలాన్ని తానే తగ్గించుకుంటుంది. విత్తే గొర్రు కట్టి చేనులో దింపితే రెండు బారలు పోయి మూలుగుతూ నిలబడిపోతుంది.

జీవమ్మ బండికి ఎర్ర దీపం వెలిగింది. అది కూడా జూన్ నెలలో మొదటి మంచి వాన కురిసిన మరునాడు వెలిగింది.

బేతంచెర్ల చుట్టుపక్కల చేలు చాలావరకు పలచటి ఎర్రనేలలు. రెండడుగులు తవ్వితే బండ తగులుతుంది. పడిన వాన పైపైనే ఉండి, ఎండ కాస్తే ఎగిరిపోతుంది. పదును ఉన్న ఆ నాలుగు రోజుల్లోనే విత్తనం భూమిలో పడాలి. ఊర్లో ఒక్కొక్కరే గొర్రు కట్టుకుని చేలకు పోతుంటే, జీవమ్మ బండి మాత్రం ఇంటి ముందర వేపచెట్టు కింద నిలబడి ఉంది. దాని పక్కన రాయి మీద ఆమె మొగుడు సుందరం కూర్చుని ఉన్నాడు. ఇద్దరికీ తేడా లేదు, ఇద్దరూ ఉలకరు పలకరు అనుకుంది జీవమ్మ.

ఆమెకు నలభై దాటాయి. పుట్టిల్లు పత్తికొండ దగ్గర. టమోటా తోటల్లో కోతకు పోయి, ఏడో తరగతితో బడి మానేసి, పద్దెనిమిదేళ్లకు సుందరాన్ని చేసుకుని ఈ ఊరికి వచ్చింది. వచ్చిన నెలకే నాపరాళ్ల ఫ్యాక్టరీలో పనికి చేరింది. మొగుడు రాళ్లు కోసే మిషను దగ్గర, ఆమె కోసిన బండలు మోసి వరసగా నిలబెట్టే దగ్గర. సాయంత్రం ఇద్దరూ ఇంటికి వస్తే ఎవరు ఎవరో పోల్చుకోలేనంత తెల్లగా ఉండేవాళ్లు. ఆమె దుమ్ము కడుక్కుంటే పోయింది. సుందరం దుమ్ము పోలేదు. ఐదేళ్ల కింద ఆయనకు దగ్గు పట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం, నవ్వితే ఆయాసం. కర్నూలు పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఇక మిషను దగ్గరికి పోవద్దని, దుమ్ముకూ పొగకూ దూరంగా ఉండమని చెప్పి పంపించారు.

మిషను మానేశాక ఆయన కొన్నాళ్లు ఊర్లో వాళ్ల పాత ట్రాక్టరు నడిపాడు. ఆ బండి గొట్టం నుంచి పొగ వచ్చి నేరుగా ముఖానికే కొట్టేది. సాయంత్రానికి ఆయన గోడకు చేతులానించి నిలబడి ఊపిరి కోసం వెతుక్కునేవాడు. అది చూడలేక జీవమ్మ మానిపించింది. తర్వాత మహిళా సంఘం అప్పు మీద, తన పేరుతో, ఈ కొత్త బండి తెచ్చింది. మట్టి గుల్ల చేసే రోటవేటరు కూడా లాగాలని పెద్ద బండే తెచ్చింది. తెచ్చిన రోజు ఆమె ఒక పని చేసింది. బండి ఇంటికి చేరాక ఇంజను ఆపించి, కొంగు చివర వేలికి చుట్టి గొట్టం లోపల తుడిచి చూసింది. కొంగుకు మసి అంటలేదు. అప్పుడు నమ్మింది. ఆ సీటు మీద సుందరం రోజంతా కూర్చున్నా సాయంత్రం గోడ పట్టుకునే పని ఉండదని ఆమెకు ధైర్యం వచ్చింది. ఆయన ఆ సీటు మీద కూర్చోగలిగినంత కాలమే ఇల్లు నడుస్తుంది. ఆ మాట పైకి ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు ఆ డబ్బానే తీసేయమంటున్నారు.

కంపెనీ సర్వీసు వాళ్లకు ఫోను చేస్తే, వాన పడింది కదా, అన్ని ఊర్ల నుంచీ పిలుపులే, ఎల్లుండికి మనిషిని పంపుతామన్నారు. మళ్లీ చేస్తే అదే మాట. మూడోసారి చేస్తే ఫోనులో పాట వినిపించింది. ఆ పాట పూర్తిగా విని జీవమ్మ ఫోను పెట్టేసింది.

ఆ మధ్యాహ్నమే మరిది ఏసుబాబు, డోను నుంచి పెద్దన్న అనే మెకానిక్కును మోటారు సైకిలు మీద కూర్చోబెట్టుకుని వచ్చాడు. జీవమ్మ వాళ్లకు మెరక మీద పైచేను, పల్లంలో దిగువ చేను; ఏసుబాబు చేను వాటి పక్కనే. అన్నింటికీ ఈ బండితోనే విత్తనం వేయాలి. కాబట్టి ఆయన తొందర ఆయనది. పెద్దన్న బండి చుట్టూ తిరిగి, డబ్బాను వేళ్లతో తట్టి, ఇది పెద్ద పని కాదన్నాడు. డబ్బా విప్పి లోపల ఉన్నదంతా తీసేసి ఖాళీ గొట్టం అతికిస్తాడు. కర్నూల్లో తనకు తెలిసినవాడు ఉన్నాడు, బండి కంప్యూటరులో ఆ డబ్బా సంగతే మరిచిపోయేలా చేస్తాడు. సాయంత్రానికి చేనులో ఉండొచ్చు. కంపెనీ వారంటీ మాత్రం పోతుందని, అది తాను ముందే చెప్పినట్టు గుర్తు పెట్టుకోమని కూడా అన్నాడు. మనిషి దొంగ కాదని జీవమ్మకు అర్థమైంది. అందుకే అడిగింది.

“తీసినాక పొగ వస్తాదా?”

“రాకుండా ఎట్ల ఉంటాది అక్కా. బరువు లాగేటప్పుడు రవ్వంత నల్లగ వస్తాది.”

“ఆ రవ్వంత ఎవరి మీదికి పోతాది?”

“గాలి యాడికి కొడితే ఆడికి.”

“డ్రైవరు మీదికి కొడితే?”

పెద్దన్న సుందరం వైపు చూశాడు. సుందరం నేల వైపు చూశాడు. ఏసుబాబుకు ఓపిక అయిపోయింది.

“ఏంది వదినా నీ లెక్క. ఊర్లో ఉండే ట్రాక్టర్లన్నీ పొగ కక్కుతానే తిరుగుతాండాయి. నడిపేటోళ్లు ఎవురన్నా పడిపోయినారా?”

“వాళ్ల రొమ్ములో నాపరాళ్ల పొడి లేదు ఏసుబాబూ. మీ అన్న రొమ్ములో ఉండాది.”

ఏసుబాబు కోపం తెచ్చుకుని, ఇంతకంటే పనికిమాలిన బండి లోకంలో లేదని, కొన్న ఏడాదికే గొంతు పూడుకుపోయే బండిని ఎవడన్నా కొంటాడా అని బండి మీద పడ్డాడు. పెద్దన్న మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఇదే రకం బండి ప్యాపిలి దగ్గర ఒకరికి ఉందని, రెండేళ్లుగా రాళ్ల లోడు లాగుతోందని, దానికి ఇంతవరకు పసుపు దీపం కూడా నిలిచి వెలగలేదని చెప్పాడు. మరి దీనికెందుకు ఇట్ల అయిందో తనకు తెలియదన్నాడు.

జీవమ్మ చేతిలో ఉన్న చాట కింద పెట్టింది. ఆమెకు విసుగొస్తే గిన్నెలు విసిరే అలవాటు లేదు. చేస్తున్న పని ఆపి ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తుంది. సుందరానికి ఆ చూపు బాగా తెలుసు. రాయి మీద నుంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

ఆమెకు శ్రమకాలం గుర్తొచ్చింది. ఈస్టరుకు ముందు నలభై రోజులూ చర్చి సంఘం వాళ్లు సాయంత్రం పూట ఒక్కో వీధిలో, పక్క పల్లెల్లో ప్రార్థన కూటాలు పెడతారు. అక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని ట్రాక్టరు వెనక జనరేటరు కట్టి దీపాలకూ మైకుకూ కరెంటు ఇవ్వడం ఆ ఊర్లో రివాజు. పాత ట్రాక్టర్ల కాలం నుంచీ ఎవరి బండి కొత్తదైతే ఆ బండి పోతుంది. అది మర్యాద. ఈ ఏడు ఆ మర్యాద సుందరానికి దక్కింది. కొత్త చొక్కా వేసుకుని రోజూ పోయాడు. నాలుగు దీపాలూ ఒక మైకూ బరువేముంది? ఇంత పెద్ద బండి ప్రతి సాయంత్రం వేడెక్కకుండా గంటల తరబడి గుర్రుమంటూ నిలబడేది. జీవమ్మ ఆడవాళ్ల చాప మీద చివరన కూర్చునేది, ఇంటికి తొందరగా పోయి పొయ్యి వెలిగించాలని. అక్కడి నుంచి ఆయన ముఖం కనబడేది. అప్పుడప్పుడూ ఆయన గడ్డం మీద పసుపు వెలుగు పడేది. ఆయన చేయి స్టీరింగు కిందికి పోయేది. వెలుగు పోయేది. లైటు ఏదో సర్దుతున్నాడనుకుంది ఆమె.

“కూటాల్లో ఆ పసుపు దీపం వెలిగినప్పుడల్లా నువ్వేం చేస్తాంటివి?” అని అడిగింది.

“ఆపేస్తాంటి.”

“ఏం ఆపేస్తాంటివి?”

“దాన్నే. పక్కన బటన్ ఉండాది. నొక్కితే గమ్మునుంటాది.”

తర్వాత ఒక్కొక్క ముక్కా ఆయన నోటి నుంచి లాగాల్సి వచ్చింది. మొదటి వారంలో ఒక సాయంత్రం దీపం వెలిగి, బండి మసి కాల్చుకోవడానికి తనంతట తానే గొంతు పెంచింది. జనరేటరు కరెంటు ఒక్కసారిగా ఎక్కువైంది. పాటలు పాడే పిల్లల నెత్తి మీద బల్బు ఒకటి టప్పుమని పగిలింది. మైకు కీచుమంది. పాస్టరు అయ్యగారు ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచి చూశారు. అయ్యగారు అట్ల చూడటం సుందరం భరించలేకపోయాడు. బండి ఇచ్చిన రోజు షోరూము మనిషి, పక్కన గడ్డివాములు ఉంటే వేడికి అంటుకోకుండా మసి కాల్చడం కాసేపు వాయిదా వేయడానికని చూపించిన బటన్ గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి కూటంలోనూ దీపం వెలగగానే నొక్కాడు. శ్రమకాలమంతా నొక్కాడు. తర్వాత ఎండాకాలం ఉజ్జీవ సభలు వచ్చాయి. అప్పుడూ నొక్కాడు.

పెద్దన్నకు నవ్వాగలేదు. సామాను సర్దుకుంటున్నట్టు అటు తిరిగాడు.

“ప్రార్థనలో కండ్లు మూసుకోమన్నారు,” అంది జీవమ్మ. “బండి నోరు మూయమని నీకెవురు చెప్పినారు?”

“అయ్యగారు చూసినారే.”

“చూస్తే? చూస్తే కరిగిపోతావా? ఒగ మాట చెప్పుండొచ్చు గదా. అయ్యగారూ, బండికి ఇట్ల పని ఉండాది, రవ్వంత సేపు ఆపుతా అని.”

“అందరి ముందర ఎట్ల చెప్పేది?”

జీవమ్మకు ఆ మాటతో నీరసం వచ్చేసింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మాట ఎన్నిసార్లు విన్నదో. ఫ్యాక్టరీలో ముక్కుకు కట్టుకోవడానికి గుడ్డ ఇవ్వమని అడగమంటే అదే మాట. మిషను మీద దుమ్ము అణిచే నీళ్ల పైపు పని చేయడం లేదని చెప్పమంటే అదే మాట. అందరి ముందర ఎట్ల చెప్పేది. చెప్పనందుకే కదా రొమ్ములో రాళ్ల పొడి. ఇప్పుడు బండి రొమ్ము కూడా నింపి పెట్టాడు.

ఏసుబాబు మళ్లీ మొదటికి వచ్చాడు. కారణం ఏదైతేనేం, కోయించేస్తే పోతుందన్నాడు. జీవమ్మ వద్దంది. కంపెనీ మనిషి వచ్చేదాకా ఆగుతానంది.

“ఎల్లుండిదాకా పదును నిలబడతాదా వదినా, నువ్వు చెప్పినావని?”

“నిలబడదు. పైచేను ఎండిపోతాది.”

“తెలిసి కూడా?”

“తెలిసే చెప్తాండా. పైచేనుకు ఇంకో వాన వస్తాది.”

ఏసుబాబు ఆమెతో మాట్లాడటం మానేసి, పెద్దన్నను ఎక్కించుకుని పోయాడు. సాయంత్రానికి వేరే ట్రాక్టరు మాట్లాడుకుని తన చేనుకు విత్తనం వేయించుకున్నాడు. అది పాత బండి. జీవమ్మ ఇంటి ముందు నుంచే, నల్లటి పొగ వదులుతూ, కావాలన్నట్టు మెల్లగా పోయింది. సుందరం దగ్గుతూ ఇంట్లోకి పోయాడు. అనాల్సింది ఆ బండే అనేసి పోయిందనుకుంది జీవమ్మ.

మరుసటి రోజంతా ఆమె పైచేను గట్టున తిరుగుతూ మట్టి చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది. ఉదయం ముద్దయిన మట్టి మధ్యాహ్నానికి పొడిపొడిగా రాలింది. తాను చేసింది తప్పేమో అని ఆ ఒక్క పూట ఆమెకూ అనిపించింది. ఇంటికి వస్తుంటే గిడ్డమ్మ ఎదురై, డబ్బా కోయించావా అని అడిగింది. ఆ ప్రశ్నతో జీవమ్మ అనుమానం పోయి కోపం మిగిలింది.

మూడో రోజు పొద్దున్నే కంపెనీ మనిషి వచ్చాడు. యేసుప్రసాద్ అని, సన్నగా ఉన్నాడు, భుజానికి కంప్యూటరు సంచి. బండికి వైరు తగిలించి చూసి, నొసలు ముడిచాడు. ఇంకా కొంచెం నిండి ఉంటే డబ్బా మార్చడం తప్ప దారి ఉండేది కాదని, ఇప్పుడైతే బండిని నిలబెట్టి గట్టిగా తిప్పి లోపలి మసి కాల్చొచ్చని చెప్పాడు. కానీ గొట్టం నుంచి వచ్చే గాలి నిప్పులా ఉంటుంది, చుట్టుపక్కల చొప్ప గానీ గడ్డి గానీ ఉండకూడదు. ఊర్లో చొప్ప లేని వాకిలి ఎక్కడుంది? జీవమ్మ కాసేపు ఆలోచించి, బండిని ఊరి బయట నాపరాళ్ల ముక్కలు పారబోసే దిబ్బకు పట్టించింది. అక్కడ గడ్డిపోచ మొలవదు.

బండి ముక్కుతూ అక్కడికి చేరేసరికి వెనక ఊరంతా ఉంది. యేసుప్రసాద్ మీట నొక్కగానే ఇంజను గొంతు పెంచింది. గొట్టం మీద గాలి నీళ్లలా ఊగింది. కాలిన ఇనుము వాసన వచ్చింది. బండి అంటుకుంటుందేమో, నీళ్లు తెమ్మంటావా అని బొజ్జన్న అడిగాడు. డబ్బా కోయించి ఉంటే ఈ బాధ ఉండేది కాదని ఇంకెవరో అన్నారు. జీవమ్మ వినిపించుకోలేదు. సుందరాన్ని దూరంగా, పొగ పోని వైపు కూర్చోబెట్టి, ఎర్ర దీపం వైపే చూస్తూ నిలబడింది. ముప్పావుగంట అరిచి అరిచి బండి గొంతు తగ్గించింది. దీపం ఆరిపోయింది. యేసుప్రసాద్ వైరు ఊడదీసుకుంటూ, దున్నేటప్పుడు దీపం వెలిగితే ఆపకుండా దున్నుకుంటూ పోతే చాలని, జనరేటరుకు మాత్రం ఇక కట్టొద్దని, మళ్లీ ఇట్లా చేస్తే డబ్బా బాగుపడదని చెప్పి పోయాడు.

ఆ మధ్యాహ్నమే గొర్రు కట్టారు. దిగువ చేనులో పదును ఇంకా ఉంది, విత్తనం పడింది. పైచేను పొడి బారిపోయింది. దానికి ఉంచిన విత్తనాన్ని మళ్లీ మూట కట్టి పెట్టింది జీవమ్మ. ఏసుబాబు గట్టు మీద నుంచి చూసి పోయాడు. సుందరం చీకటి పడేదాకా బండి నడిపి ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, గోడ పట్టుకోకుండా అరుగెక్కి కూర్చున్నాడు. అది ఆమె ఓరకంట చూసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు ఇంటికే వచ్చారు. పాతికేళ్లుగా ఆ సంఘాన్ని చూస్తున్న పెద్దమనిషి. వందనాలు అయ్యాక, మంచం మీద కూర్చుని, వచ్చే నెల యువజన కూటాలు ఉన్నాయని, జనరేటరు సంగతి సుందరం చూసుకుంటాడు కదా అని అడిగారు. జీవమ్మ టీ గ్లాసు చేతికిచ్చి, జరిగినదంతా చెప్పి, ఇక బండి రాదంది. అయ్యగారు శ్రద్ధగా విన్నారు. ఆయనకు బాధ కలిగినట్టే ఉంది. టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, మెల్లగా అన్నారు.

“అయితే ఆ డబ్బా తీయించేయరాదా అమ్మా? మా బావమరిది వాళ్లు కూడా తీయించారట. ఏ ఇబ్బందీ లేదంటున్నారు.”

ఊర్లో ఒక్కరు మిగిలి ఉన్నారనుకుంటే ఆయన కూడా చెప్పేశారు. ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుని ఆమె అట్లే నిలబడిపోయింది. అయ్యగారి ముఖంలోకి ఆ చూపు చూడకూడదని తల వంచుకుంది.

“లేదు అయ్యగారూ,” అన్నాడు సుందరం.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. ఆయన చెమటలు కక్కుతున్నాడు.

“డబ్బా తీయము. బండి కూటాలకు రాదు. బండి వచ్చినా దీపం వెలిగితే నేను ఆపను. నాకు పొగ పడదు. వేరే జనరేటరు తెచ్చుకోండి, మోసేదానికి నేనొస్తా.”

అయ్యగారు సరే సుందరం, కమిటీతో మాట్లాడతానన్నారు. కోపం తెచ్చుకోలేదు. ప్రార్థన చేసి, చెప్పులేసుకుని వెళ్లిపోయారు. అంతే. ఆకాశం ఊడిపడలేదు.

సుందరం పెద్ద పని చేసినవాడిలా పెళ్లాం వైపు చూశాడు. మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్నాడు. జీవమ్మ గ్లాసులు కడగడానికి వంచిన నడుము ఎత్తకుండానే అంది.

“ఇదే మాట శ్రమకాలంలో చెప్పుంటే పైచేను కూడా మొలిచుండు గదయ్యా.”